ఎడారి దారిలో ఏ ఊళ్లో దిగాలి? పీసీటీ మొదటి 700 మైళ్ల సరుకుల మజిలీలపై తరచుగా అడిగే ప్రశ్నలు

పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్‌ని హైకర్లు పీసీటీ అంటారు. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా సుమారు 2,650 మైళ్ల కాలిబాట ఇది. దక్షిణాన కాంపో అనే చిన్న ఊరి దగ్గర మొదలై కెనడీ మెడోస్ చేరేదాకా ఉన్న మొదటి 700 మైళ్లనూ అందరూ ‘ఎడారి’ అనే పిలుస్తారు. అమెరికాలో ఉంటున్న మనవాళ్లలో లాంగ్ హైక్‌ల మీద మోజు పెరిగాక ఈ భాగం గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. బూట్లు, టెంట్ల గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. తిండి అయిపోతే ఏ ఊళ్లో దిగాలి, ఏ ఊరు వదిలేయాలి అన్న దగ్గరే అందరికీ టెన్షన్. అందుకే ఈ పేజీ.

దూరాలు మైళ్లలోనే ఇచ్చాను, ఎందుకంటే అక్కడి యాప్‌లూ మనుషులూ మాట్లాడేది మైళ్లలోనే. ‘మైలు 342’ అంటే కాంపో నుంచి ఉత్తరంగా అంత దూరం అని. దారి మళ్లింపుల వల్ల ఈ అంకెలు ఏటా ఒకటి రెండు మైళ్లు అటూ ఇటూ అవుతుంటాయి.

ఎడారి అంటే ఇసుక తిన్నెలా?

కాదు. పొదలు, బండలు, యుక్కా మొక్కలు, అక్కడక్కడా జాషువా చెట్లు. దారి ఒక్కోచోట పైన్ అడవుల్లోకి ఎక్కి మళ్లీ మాడిపోయే లోయల్లోకి దిగుతుంది. శాన్ హసింటో కొండ మీద దాదాపు 9,000 అడుగుల ఎత్తులో మంచు తొక్కిన మనిషి, రెండు రోజుల్లోపే శాన్ గోర్గోనియో కనుమలో 1,200 అడుగుల దగ్గర ఎండకు గొడుగు తీస్తాడు. మజిలీ ఎంచుకునేటప్పుడు ఈ ఎత్తుపల్లాలు గుర్తుండాలి. 20 మైళ్ల పల్లం ఒక రోజు పని, 20 మైళ్ల ఎక్కుడు ఒకటిన్నర రోజు.

ఎన్ని రోజులకోసారి ఊళ్లోకి దిగాలి?

మూడు నుంచి ఐదు రోజులకోసారి. మొదటి రెండు వారాల్లో మూడు రోజులే మేలు.

దీని వెనక ఉన్నది బరువు లెక్క. మనిషికి రోజుకి 700 నుంచి 900 గ్రాముల దాకా తిండి పడుతుంది. నీళ్లు లీటరుకి కిలో. ఎండ మామూలుగా ఉంటే నాలుగైదు మైళ్లకు లీటరు తాగుతాం, మండిపోతుంటే అంతకంటే ఎక్కువ. నీళ్లులేని దారి 20 మైళ్లుంటే, రాత్రి వంటకూ కలిపి ఐదారు లీటర్లు మోయాలి. దాని మీద ఆరు రోజుల తిండి కూడా వేసుకుంటే ఈ రెండే పది కిలోలు దాటతాయి. టెంటు, పరుపు, బట్టలు ఇంకా లెక్కలోకే రాలేదు.

కొండల ప్రాంతాల్లో అడుగడుగునా వాగులుంటాయి కాబట్టి వారం తిండి మోసినా చెల్లుతుంది. ఎడారిలో నీళ్లకు చోటు ఉంచాలంటే తిండి తగ్గించాలి, తిండి తగ్గాలంటే తరచుగా ఊళ్లోకి దిగాలి. ‘ఊళ్లలో టైమ్ వేస్ట్ చేయను, ఒకేసారి పది రోజులకి సర్దుకుంటా’ అనేవాళ్లు కనిపిస్తే వాళ్ల మోకాళ్ల గురించి నాకు బెంగ.

ఊరిని ఎంచుకునేటప్పుడు ముందు ఏం చూడాలి?

చాలామంది ముందు రెస్టారెంట్లు చూస్తారు. నేనైతే ఊరు దాటాక మొదటి నమ్మకమైన నీటి చోటు ఎన్ని మైళ్లలో ఉందో చూస్తాను. ఆ దూరం ఎక్కువైతే ఆ ఊళ్లో తిండి తక్కువ కొని, మరుసటి ఊరికి సరిపడా మాత్రమే మోస్తాను. దూరం తక్కువైతే అక్కడే దండిగా కొనేసి తర్వాతి ఊరు వదిలేస్తాను.

ఆ తర్వాత దారి నుంచి ఊరు ఎంత దూరం, అక్కడికి ఎలా చేరాలి అన్నది. రోడ్డు దాటే చోట నుంచి నడిచి వెళ్లగలిగే ఊరు వేరు, 12 మైళ్లు లిఫ్ట్ అడిగి వెళ్లాల్సిన ఊరు వేరు. వెళ్లడం కంటే తిరిగి రావడం కష్టం. ఊళ్లోకి వెళ్లేటప్పుడు ఒళ్లంతా దుమ్ముతో, పెద్ద బ్యాగుతో ఉంటారు కాబట్టి చూసినవాళ్లకు హైకరని తెలిసిపోతుంది. ఊరి నుంచి దారికి తిరిగి వచ్చేది ఉదయాన్నే, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు.

మూడోది వారంలో ఏ రోజన్నది. ఏ వారం నాడు ఊళ్లో అడుగుపెడతామన్నది ఎవరూ పట్టించుకోరు గానీ ప్రాణం తీసేది అదే. శనివారం మధ్యాహ్నం చేరితే పార్శిల్ సోమవారం దాకా పోస్టాఫీసు తాళం వెనకే. మే నెల చివరి సోమవారం మెమోరియల్ డే, పోస్టాఫీసులకు సెలవు. ఆ వారాంతం లాస్ ఏంజెలెస్ జనమంతా కొండ ఊళ్ల మీద పడతారు, గదులు దొరకవు, దొరికినా రేటు తడిసి మోపెడవుతుంది.

దుకాణం పెద్దదా చిన్నదా అన్నది వీటి తర్వాతే.

మొదటి 110 మైళ్లలో ఎక్కడ కొనుక్కోవాలి?

కాంపో నుంచి బయల్దేరేటప్పుడు రెండు మూడు రోజుల తిండి చాలు. మైలు 20 దగ్గర లేక్ మొరీనా, మైలు 42 దగ్గర మౌంట్ లగూనా. లగూనాలో చిన్న దుకాణం, పోస్టాఫీసు ఉన్నాయి. ఎత్తు సుమారు 6,000 అడుగులు, ఏప్రిల్‌లో కూడా చలి వణికిస్తుంది. దుకాణం చిన్నది కాబట్టి మీకంటే ముందు పాతికమంది దిగి ఉంటే అరలు ఖాళీ. అయినా రెండు రోజులకు సరిపడా నూడుల్స్, టోర్టియాలు (పల్చటి రొట్టెలు) దొరక్కపోవు.

మైలు 77 దగ్గర సిజర్స్ క్రాసింగ్. అక్కడి నుంచి జూలియన్ ఊరు పడమరగా సుమారు 12 మైళ్లు, రోడ్డు మీద. మైలు 109 దగ్గర వార్నర్ స్ప్రింగ్స్. అక్కడ పోస్టాఫీసు ఉంది, హైకర్లను ఆదరించే కమ్యూనిటీ సెంటర్ ఉంది, పెద్ద కిరాణా లేదు. నా లెక్కలో ఈ మొదటి భాగంలో పార్శిల్ పంపుకోవాల్సిన చోటు ఏదైనా ఉందంటే అది వార్నర్ స్ప్రింగ్సే.

జూలియన్ వెళ్లాల్సిందేనా? ఆపిల్ పై ఫ్రీ అంటారు కదా?

నిజమే. జూలియన్ పాత బంగారు గనుల ఊరు, ఇప్పుడు ‘ఆపిల్ పై’ అనే తీపి వంటకానికి ప్రసిద్ధి. అక్కడి ఒక పై దుకాణం పీసీటీ పర్మిట్ చూపించినవాళ్లకు ఒక ముక్క ఉచితంగా ఇస్తూ వస్తోంది. వేడి పై మీద ఐస్‌క్రీమ్ వేసుకుని తింటుంటే ‘ఇంక ఇక్కడే ఉండిపోతే పోలా’ అనిపిస్తుంది.

కానీ వెళ్లాల్సింది పై కోసం కాదు. సిజర్స్ క్రాసింగ్ దాటాక బారెల్ స్ప్రింగ్ అనే ఊట దాకా సుమారు 24 మైళ్లు సహజమైన నీళ్లు లేవు. మధ్యలో మైలు 91 దగ్గర థర్డ్ గేట్ అనే చోట దాతలు నీళ్ల సీసాలు పెడతారు. ఉండొచ్చు, లేకపోవచ్చు. ఉన్నాయనుకుని బయల్దేరకూడదు. శాన్ ఫెలిపే కొండల్లో నీడ కూడా లేదు. కాబట్టి మధ్యాహ్నం సిజర్స్ క్రాసింగ్ చేరితే జూలియన్ వెళ్లి రాత్రి నిద్రపోయి, పొద్దున్నే తిరిగొచ్చి చల్లటి పూట ఎక్కడం ఒక పద్ధతి. తెల్లవారుజామున క్రాసింగ్ చేరినవాళ్లు, బ్యాగులో తిండి ఉన్నవాళ్లు జూలియన్ వదిలేసినా నష్టం లేదు.

శాన్ హసింటో మంచు సంగతేంటి? ఐడిల్‌వైల్డ్‌లో ఆగాలా?

ఆగాలి. దీని మీద నాకు రెండో మాట లేదు.

మైలు 152 దగ్గర హైవే 74 మీద పారడైజ్ వ్యాలీ కేఫ్ ఉంది. అక్కడ బర్గర్ తిని చాలామంది నేరుగా కొండెక్కేస్తారు. మార్చి, ఏప్రిల్‌లలో ఆ కొండ ఉత్తరపు వాలుల మీద గడ్డకట్టిన మంచు ఉంటుంది. 2020 మార్చిలో అపాచీ శిఖరం దగ్గర ఒక హైకర్ మంచు మీద జారిపడి చనిపోయాడు. కాబట్టి మంచు ఉన్న ఏడాది కేఫ్ దగ్గరే రోడ్డు పట్టుకుని ముందు ఐడిల్‌వైల్డ్ ఊరికి వెళ్లండి. అక్కడ అడిగితే దారి పరిస్థితి తెలుస్తుంది, బూట్లకు తొడిగే ముళ్లు (మైక్రోస్పైక్స్), మంచు గొడ్డలి (ఐస్ యాక్స్) దొరుకుతాయి. వాటిని వాడటం రాకపోతే కొనడం ఒక్కటే సరిపోదు. ఆ భాగం వదిలేసి రోడ్డు మీదుగా దాటిపోవడానికి ఎవరూ సిగ్గుపడక్కర్లేదు.

మంచు కరిగిన ఏడాది మైలు 179 దగ్గర శాడిల్ జంక్షన్ నుంచి డెవిల్స్ స్లైడ్ అనే పక్కదారిలో రెండున్నర మైళ్లు దిగితే హంబర్ పార్క్, అక్కడి నుంచి ఇంకొంచెం దూరంలో ఊరు. మంచి కిరాణా, పోస్టాఫీసు, లాండ్రీ, పిజ్జా అన్నీ నడక దూరంలోనే. ఈ ఊరి గౌరవ మేయర్ ఒక గోల్డెన్ రిట్రీవర్ కుక్క. అపాయింట్‌మెంట్ దొరికితే ఫొటో దిగొచ్చు.

బిగ్ బేర్ ఎలా ఉంటుంది?

మైలు 266, హైవే 18. ఎడారి భాగంలో సరుకులకు ఇంత అనువైన ఊళ్లు తక్కువ. పెద్ద సూపర్ మార్కెట్లున్నాయి, పార్శిల్ అక్కర్లేదు. ఇంతవరకూ చిన్న దుకాణాల్లో దొరికిందే తిన్నవాళ్లు ఇక్కడ తాజా పళ్లు, పెరుగు చూసి ఆగలేరు. కొనండి, కానీ ఆ పూట తినేంతే. శుక్ర, శనివారాలు తప్పించి చేరుకోండి.

కహోన్ కనుమ దగ్గర మెక్‌డొనాల్డ్స్ ఉందిగా, అదే మజిలీ అనుకోవచ్చా?

మైలు 342. ఐ-15 హైవే, సరుకు రైళ్ల చప్పుడు, దారి నుంచి అర మైలు లోపే మెక్‌డొనాల్డ్స్, పెట్రోల్ బంకులు. చాలా దూరం ముందు నుంచే దాని బోర్డు మీద హైకర్ల ఆశ నడుస్తుంది. లోపలికెళితే ఒక మూల దుమ్ముకొట్టిన బ్యాగులు గోడకి జారబడి ఉంటాయి, ప్లగ్ పాయింట్ల చుట్టూ జనం. సాక్సులు విప్పి కూర్చున్నవాళ్లకు ఎవరూ దగ్గరగా కూర్చోరు. ఐస్ మెషీన్ కింద సీసాలు నింపుకుని, రెండు మూడు బర్గర్లు కాగితంతో సహా బ్యాగు పైజేబులో పెట్టుకుని బయల్దేరతారు.

కడుపు నింపుకోవడానికి సరే. సరుకుల మజిలీగా దీని మీద ఆధారపడొద్దు. బంకు దుకాణాల్లో చిప్స్, చాక్లెట్, జెర్కీ (ఎండబెట్టిన మాంసం) తప్ప పెద్దగా ఏమీ ఉండవు.

అసలు లెక్క దాని తర్వాత ఉంది. కహోన్ నుంచి ఉత్తరానికి గఫీ స్ప్రింగ్ దాకా సుమారు 22 మైళ్లు నమ్మకమైన నీళ్లు లేవు, పైగా అదంతా ఎక్కుడు. 3,000 అడుగుల దగ్గర మొదలై 8,000 దాటుతుంది. దారిలో స్వార్ట్‌హౌట్ లోయ దగ్గర దాతల నీళ్లు కొన్నిసార్లు ఉంటాయి. ఆరు లీటర్లతో ఎక్కేవాడికి ఐదు రోజుల తిండి కూడా ఉంటే నరకమే. అందుకే నా సలహా: బిగ్ బేర్‌లో కొన్నది కహోన్ దాటి రైట్‌వుడ్ దాకా సరిపోయేలా చూసుకోండి. కహోన్‌లో ఒక పూట కూర్చుని తినండి, ఎండ వాలేదాకా ఏసీలో ఉండండి, సాయంత్రం ఎక్కడం మొదలుపెట్టండి. మైలు 364 నుంచి 370 మధ్యలో రైట్‌వుడ్‌కి దిగే దారులున్నాయి. కొండ మీద పైన్ చెట్ల మధ్య చల్లని చిన్న ఊరు, కిరాణా బాగుంటుంది, హైకర్లంటే అక్కడివాళ్లకు అభిమానం. తర్వాతి భాగానికి అక్కడే సర్దుకోవాలి.

అగ్వా డూల్సే, గ్రీన్ వ్యాలీల్లో ఇళ్లలోనే ఉండనిస్తారట?

ఒకప్పుడు. ఏళ్ల తరబడి వందలమంది హైకర్లకు అన్నం పెట్టి, బట్టలుతికి, పార్శిళ్లు దాచిన ఇళ్లు ఆ రెండు ఊళ్లలో ఉండేవి. పాత గైడ్‌లలో ఆ పేర్లు ఇంకా కనిపిస్తాయి. వాటిని నడిపిన దంపతులు పెద్దవాళ్లయ్యారు, ఆ రోజులు అయిపోయాయి. ఏ ట్రైల్ ఏంజెల్ (హైకర్లకు సాయం చేసే స్థానికులు) ఇంటి మీదా ముందుగా లెక్క కట్టుకోకండి. ఆ ఏడాది ఎవరు తీసుకుంటున్నారో తెలుసుకుని, ఫోన్ చేసి అడిగాకే వెళ్లాలి. అగ్వా డూల్సే మాత్రం మైలు 454 దగ్గర దారే ఊరి మధ్యలోంచి వెళుతుంది కాబట్టి ఎలాగూ తగులుతుంది.

తెహాచపి వెళ్లాలా, మొహావీ వెళ్లాలా?

మొహావీ ఎడారి అంచున లాస్ ఏంజెలెస్ కాలువ మీద నడక ఎడారి భాగంలో అన్నిటికంటే విచిత్రమైంది. 1913లో ఓవెన్స్ లోయ నీళ్లను లాస్ ఏంజెలెస్‌కి తెచ్చిన కాలువ అది. కాంక్రీటు మూత మీద మీరు నడుస్తుంటారు, కాళ్ల కింద నీళ్లు పారుతుంటాయి, మీ గొంతు మాత్రం ఎండుతుంటుంది. చాలామంది ఈ భాగం రాత్రిపూట నడుస్తారు. అక్కడి నుంచి గాలిమరల కొండలెక్కి దిగితే మైలు 558, మళ్లీ మైలు 566 దగ్గర రోడ్లు.

తెహాచపి పెద్ద ఊరు. సూపర్ మార్కెట్, మందుల షాపు, హోటళ్లు, డాక్టరు అన్నీ ఉన్నాయి. మొహావీ ఊరు దానికి ఎదురు దిక్కున, చిన్నది, వేడెక్కువ. నా ఓటు తెహాచపికే. రెండూళ్లకూ బస్సులు తిరుగుతాయి, టైమింగ్స్ ముందురోజే చూసుకోండి. రైళ్లంటే ఇష్టమైతే 1876లో కట్టిన తెహాచపి లూప్ దగ్గర్లోనే ఉంది, పొడుగాటి గూడ్స్ రైలు తన తోక మీదుగా తానే దాటుతుంది. ఆ ఊళ్లో నిద్ర తేలికగా పట్టనివాళ్లు పట్టాలకు దూరంగా గది తీసుకోండి.

ఇక్కడ సర్దుకునేది జాగ్రత్తగా సర్దుకోవాలి. మైలు 566 నుంచి వాకర్ పాస్ అనే కనుమ దాకా 86 మైళ్లు, కెనడీ మెడోస్ దాకా 136. లాండర్స్ క్యాంప్ నుంచి మెకైవర్స్ స్ప్రింగ్ దాకా దాదాపు 35 మైళ్లలో దాతల నీళ్లు తప్ప వేరే ఆధారం లేనట్టే. ఆరు రోజుల తిండి, ఏడెనిమిది లీటర్ల నీళ్లు ఒకేసారి వీపు మీద అంటే బలవంతులకే. కాబట్టి దీన్ని రెండు ముక్కలు చేయండి. వాకర్ పాస్ దగ్గర హైవే 178 పట్టుకుంటే ఒకవైపు రిడ్జ్‌క్రెస్ట్, ఇంకోవైపు లేక్ ఇసబెల్లా ఊళ్లు. కెర్న్ ట్రాన్సిట్ బస్సు ఆ దారిలో కొన్ని రోజులే తిరుగుతుంది, ఆ రోజులకు మీ నడకను కలుపుకోండి. ‘ఇంత దూరం వచ్చాం, ఇంకో 50 మైళ్లేగా’ అని ఆకలితో కెనడీ మెడోస్ దాకా ఈడ్చుకొచ్చేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

పార్శిల్ పంపుకోవాలా, అక్కడే కొనాలా?

ఎక్కువ చోట్ల కొనడమే మంచిది. ఇంట్లో కూర్చుని ఇరవై డబ్బాలు సర్దినవాళ్లకు మూడో వారానికల్లా అందులో సగం మొహం మొత్తుతుంది. రుచులు మారతాయి, ఆకలి పెరుగుతుంది. వార్నర్ స్ప్రింగ్స్, కెనడీ మెడోస్ లాంటి చిన్న చోట్లకే పంపండి. ఆహారం మీద నియమాలున్నవాళ్లు ఇంకో రెండు కలుపుకోవచ్చు.

అమెరికా పోస్టులో జనరల్ డెలివరీ అనే సదుపాయం ఉంది. డబ్బా మీద మీ పేరు, ‘జనరల్ డెలివరీ’, ఊరు, రాష్ట్రం, జిప్ కోడ్ రాసి, పక్కన మీరు చేరే తేదీ రాస్తే పోస్టాఫీసులో దాచిపెడతారు, సాధారణంగా 30 రోజుల దాకా. ప్రయారిటీ మెయిల్‌లో పంపితే ఒక లాభం ఉంది: తెరవకుండా ఉంటే ముందున్న ఇంకో పోస్టాఫీసుకి ఉచితంగా మళ్లించమని అడగొచ్చు. గ్యాస్ క్యానిస్టర్ మాత్రం విమానంలో వెళ్లే పార్శిల్‌లో పెట్టకూడదు, ఊళ్లో కొనుక్కోండి.

మనవాళ్లకి ఒక ప్రత్యేకమైన తలనొప్పి: పేరు. ఐడీలో ఇంటిపేరు, అసలు పేరు ఎలా ఉన్నాయో డబ్బా మీద కూడా అలాగే రాయాలి. ఫ్రెండ్ పంపేటప్పుడు ‘బుజ్జి’ అనో, ముద్దుగా పిలిచే సగం పేరో రాస్తే కౌంటర్ దగ్గర కథ మొదటికొస్తుంది. పోస్టాఫీసువాళ్లు ఇంటిపేరు అక్షరం ప్రకారం సర్దుతారు కాబట్టి ‘కనిపించట్లేదు’ అంటే అసలు పేరు అక్షరం దగ్గర కూడా వెతకమని మర్యాదగా అడగండి.

శాకాహారులం. మన తిండి ఎలా?

అమెరికన్ చిన్న ఊళ్లలో శాకాహారికి దొరికేవి: వేరుశెనగ వెన్న, టోర్టియా, చీజ్, నట్స్, ఓట్స్, రీఫ్రైడ్ బీన్స్ పొడి, గోధుమ రవ్వలాంటి కూస్‌కూస్. బతకడానికి చాలు. బీన్స్‌లో, సూప్ పొట్లాల్లో పంది కొవ్వు, చికెన్ పొడి ఉండొచ్చు, వెనకాల చదవండి.

నాలుక కోసం మనవి కలుపుకోవచ్చు. అటుకులు ఎడారికి పుట్టినట్టే ఉంటాయి. పొయ్యి అక్కర్లేదు, చన్నీళ్లు చిలకరిస్తే మెత్తబడతాయి. పులిహోర పొడో, కారప్పొడో, వేయించిన వేరుశెనగలో కలిపితే భోజనం. రెడీమేడ్ ఉప్మా మిక్స్ వేడినీళ్లతో అయిపోతుంది. కందిపొడి, నెయ్యి ఉంటే కూస్‌కూస్ కూడా అన్నంలాగే దిగుతుంది. నెయ్యి వంద గ్రాములకు దాదాపు 900 కేలరీలు, మోసే బరువుకి అంత శక్తి ఇచ్చేవి నెయ్యి, నూనె లాంటి కొవ్వులే. కానీ ఎండకు కరిగి నూనెలా పారుతుంది. బిగుతైన మూత ఉన్న చిన్న సీసాలో పోసి, జిప్ కవర్లో పెట్టండి. పల్లీ చిక్కీ కరగదు, చాక్లెట్ కంటే నయం. చెమటకు పోయే ఉప్పు కోసం ఓఆర్‌ఎస్ పొట్లాలు రోజుకి ఒకటి రెండు ఉంచుకోండి.

ఆవకాయ గురించి చాలామంది అడుగుతారు. చిన్న డబ్బా సరే. గాజు సీసా వద్దు. ఇండియా నుంచి వస్తూ తెచ్చుకుంటే కస్టమ్స్‌లో తిండి ఉందని చెప్పాల్సిందే, దాచొద్దు.

పొయ్యి వాడేవాళ్లకు కాలిఫోర్నియా క్యాంప్‌ఫైర్ పర్మిట్ కావాలి. ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తారు. మంటల ఆంక్షలున్నప్పుడు ఆల్కహాల్ పొయ్యిలు సాధారణంగా నిషేధం.

లిఫ్ట్ అడగడం భయం లేదా?

పీసీటీ చుట్టుపక్కల ఊళ్లలో హైకర్లకు లిఫ్ట్ ఇవ్వడం మామూలే. కాలిఫోర్నియాలో రోడ్డు మీద కాకుండా పక్కన నిలబడి అడగొచ్చు. ఐ-10, ఐ-15 లాంటి ఫ్రీవేల మీద కుదరదు. కారు ఆపుకోవడానికి చోటున్న దగ్గర, నల్లకళ్లద్దాలు తీసి, బ్యాగు కనిపించేలా నిలబడండి.

ఒంటరిగా నడిచే ఆడవాళ్లు ఇంకో హైకర్ వచ్చేదాకా ఆగి, జంటగా అడగడం మేలు. కారు ఎక్కేముందు నంబర్ ప్లేటు ఫొటో తీసి ఇంటికి పంపండి. మనసు ఒప్పకపోతే ‘థాంక్స్, ఫ్రెండ్ కోసం ఆగాను’ అని వదిలేయండి, ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు. ఇంట్లో అమ్మానాన్నలకు ఈ పద్ధతి గురించి బయల్దేరేముందే చెప్పడం మంచిది. దారిలో ఉండగా తెలిస్తే వాళ్లకు నిద్ర పట్టదు.

వీసా మీద ఉన్నాను. ఏ కాగితాలు ఉంచుకోవాలి?

కాంపో సరిహద్దుకి ఆనుకునే ఉంది. ఆ చుట్టుపక్కల బోర్డర్ పాట్రోల్ (సరిహద్దు పోలీసులు) తిరుగుతూనే ఉంటుంది, రోడ్ల మీద చెక్‌పోస్టులుంటాయి. అమెరికా పౌరులు కానివాళ్లు, 18 ఏళ్లు దాటితే, తమ రిజిస్ట్రేషన్ పత్రం వెంట ఉంచుకోవాలని చట్టం. గ్రీన్ కార్డు ఉంటే అది, లేకపోతే పాస్‌పోర్ట్, ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి రికార్డు). నీళ్లు తగలని కవర్లో పెట్టుకోండి. పోస్టాఫీసులో పార్శిల్ తీసుకోవడానికీ ఫొటో ఐడీ కావాలి. 500 మైళ్లు దాటి నడిచేవాళ్లకు పీసీటీ అసోసియేషన్ ఇచ్చే పర్మిట్ కూడా వెంటే ఉండాలి. సీజన్‌లో దక్షిణ కొస నుంచి రోజుకి 50 మందికే ఇస్తారు.

ఊళ్లో ఎంతసేపు ఉండాలి?

హైకర్ల భాషలో ఒక్క మైలు కూడా నడవని రోజు ‘జీరో’, కొద్దిగా నడిచింది ‘నీరో’. పొద్దున్నే ఊరు చేరి, పనులు చేసుకుని, రాత్రి పడుకుని, మర్నాడు ఉదయమే బయటపడే నీరోలే జేబుకీ కాళ్లకీ మంచివి. జీరోలు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, బద్ధకం కూడా. పాదం వాచినా, మడమ లాగుతున్నా మాత్రం లెక్కలు పక్కన పెట్టి ఆగండి.

పనుల వరస ఇలా పెట్టుకుంటే సాఫీగా నడుస్తుంది: పోస్టాఫీసు ముందు, తర్వాత తిండి, స్నానం, లాండ్రీ. కిరాణాకి మాత్రం కడుపు నిండాకే వెళ్లాలి. ఆకలితో వెళ్తే ఎనిమిది రోజుల తిండి బుట్టలో పడుతుంది.

సర్దడం గది నేల మీద. అట్టపెట్టెలన్నీ చించి పారేయండి, బరువూ చోటూ సగం వాటిదే. ఒక్కో రోజు తిండి ఒక్కో జిప్ కవర్లో వేసి మార్కర్‌తో ‘సోమ’, ‘మంగళ’ అని రాయండి. అన్నీ వరసగా పేర్చి చూస్తే ఎక్కువైందో తక్కువైందో అక్కడే తెలిసిపోతుంది. ఎక్కువైనవి హైకర్ బాక్స్‌లో పెట్టండి. చాలా ఊళ్లలో హోటళ్ల దగ్గర, దుకాణాల ముందు ఈ డబ్బాలుంటాయి. ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకోవచ్చు. పేరు రాయని తెల్లపొడులు మాత్రం ముట్టుకోవద్దు.

మొత్తం 700 మైళ్లకీ ముందే ఎక్సెల్‌లో ప్లాన్ వేసుకోవాలా?

వేసుకోండి, మనవాళ్లం కదా, ఎక్సెల్ లేకుండా ఏ పనీ చేయం. కాకపోతే మొదటి మూడు మజిలీలకే తేదీలు రాయండి. ఆ తర్వాత ప్రతి ఊళ్లోనూ తర్వాతి రెండు ఊళ్ల గురించి మాత్రమే ఆలోచించాలి. నీళ్ల పరిస్థితి వారానికోసారి మారుతుంది. దారి మ్యాపులు చూపే ఫార్‌అవుట్ యాప్‌లో ముందు నడిచినవాళ్లు రాసిన తాజా కామెంట్లు, పీసీటీ వాటర్ రిపోర్ట్ చూసి నిర్ణయించుకోండి. సిగ్నల్ ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

దారి మూసేస్తే?

మూస్తారు. 2023 ఆగస్టులో హిలరీ తుఫాను మిషన్ క్రీక్ లోయలో దారిని కోసేసింది. 2024 సెప్టెంబరులో బ్రిడ్జ్ ఫైర్ రైట్‌వుడ్ దాకా వచ్చి ఇళ్లను కాల్చింది. దారి మూసుకుపోతే మజిలీలు కూడా మారిపోతాయి. డబ్బా పంపేముందు పీసీటీ అసోసియేషన్ వెబ్‌సైట్‌లో మూసివేతల పేజీ చూడండి.

కెనడీ మెడోస్‌కి డబ్బాలో ఏం పెట్టాలి?

మైలు 702. జనరల్ స్టోర్ వరండాలో కూర్చున్నవాళ్లు, దారి వెంట నడిచొచ్చే ప్రతి హైకర్‌కీ చప్పట్లు కొడతారు. ఇక్కడితో ఎడారి అయిపోయి సియెర్రా నెవాడా మొదలు. స్టోర్‌లో సరుకులుంటాయి కానీ ఖరీదెక్కువ, సీజన్ మధ్యలో అరలు పలచబడతాయి. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు, ఇంటికి చెప్పాల్సింది ముందు ఊళ్లోనే చెప్పేయండి. డబ్బాలు రుసుము తీసుకుని దాచిపెడతారు.

ముందున్న కొండల్లో బేర్ క్యానిస్టర్ (ఎలుగుబంట్లు తెరవలేని తిండి డబ్బా) తప్పనిసరి, దాన్ని పార్శిల్‌లో ఇక్కడికి పంపించుకోండి. ఆ పార్శిల్‌లోనే వెచ్చని జాకెట్టు, మంచు సామాను, దోమల వల. మొదటి వారం తిండి క్యానిస్టర్‌లో పట్టేలా ఇంట్లోనే ఒకసారి సర్ది చూసుకోండి. చిక్కీలు ముక్కలు చేసి, అటుకుల కవర్లోంచి గాలి పిండేసి పెడితే ఇంకో పూట తిండికి చోటు దొరుకుతుంది.